మచిలీపట్నం సైనికుడి స్వగ్రామం ‘పరీ’: రెండు పారిష్‌ల మధ్య ఒక బండిచక్రాల వడ్రంగి కోసం అన్వేషణ

బందరు_వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వంశానికి మూలపురుషుడు ఇంగ్లండు నుంచి మద్రాసు సైన్యంలో సైనికుడిగా వచ్చి మచిలీపట్నంలో స్థిరపడ్డారని ఇంట్లో చెప్పుకోవడమే తప్ప, నిన్నమొన్నటి వరకు మా దగ్గర ఒక్క కాగితమూ లేదు. గత సంవత్సరం బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండనుకు పంపిన నకళ్ల మధ్య, 1824లో మచిలీపట్నంలో జరిగిన ఆయన కూతురి బాప్తిస్మం దొరికింది. ఆ ఆధారంతో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యపు యూరోపియన్ సైనికుల రిజిస్టరు వెతికితే ఆయన పేరు, 1812లో చేరినట్లు, అప్పటి వయసు 21 అని, వృత్తి వీల్‌రైట్ (బండిచక్రాలు చేసేవాడు) అని, జిల్లా నార్తాంప్టన్‌షైర్ అని ఉన్నాయి. ఊరి పేరు దగ్గర మాత్రం ‘పరీ’ అని ఒక్క మాట రాసి వదిలేశారు.

నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే గ్రామం ఉందని తెలుసుకుని ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైటు సూచికలో చూశాను. 1791లో అక్కడ బాప్తిస్మం పొందిన బిడ్డ ఒకడు సరిగ్గా అదే పేరుతో, అదే ఇంటిపేరుతో కనిపించాడు. తండ్రి పేరు, తల్లి పేరు కూడా ఉన్నాయి. వయసు సరిపోయింది, జిల్లా సరిపోయింది. ఆయనే మా మూలపురుషుడని వంశవృక్షంలో చేర్చుకున్నాను. ఇది సరైన నిర్ధారణేనా అని అనుభవజ్ఞులను అడుగుతున్నాను. బంధువులు ఇరువైపులా జీవించి ఉన్నందున ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు, మన్నించండి.

పాత_రికార్డుల_పాఠకురాలు:
మచిలీపట్నం నుంచి సైనికుల రిజిస్టరు దాకా మీరు వచ్చిన దారి చాలా పద్ధతిగా ఉంది. చాలామంది ఆ మధ్య మెట్టును దాటవేసి, ఇంగ్లండులో అదే పేరు గల మనిషి ఎవరు కనిపించినా పట్టుకుంటారు. అయితే చివరి అడుగు దగ్గర మాత్రం మీరు తొందరపడ్డారనే నా అభిప్రాయం. ఆ 1791 నాటి పేరును ప్రస్తుతానికి పెన్సిలుతోనే ఉంచండి.

ఎందుకంటే మీ చేతిలో ఉన్న అసలైన గుర్తు పేరు కాదు, వృత్తి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు గ్రామాలలో జాన్, విలియం, థామస్ వంటి కొద్ది పేర్లే మగపిల్లలలో అధికభాగానికి ఉండేవి. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల పిల్లలందరికీ తాత పేరే పెడితే, ఒకే పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో) ఒకే పేరుతో ముగ్గురు సమవయస్కులు ఉండడం కూడా వింత కాదు. 1791 నాటి బాప్తిస్మపు నమోదులో తండ్రి వృత్తి సాధారణంగా ఉండదు. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్ బాప్తిస్మాలను, వివాహాలను, ఖననాలను నమోదు చేయాలని ఆదేశించినప్పటి నుంచి 1812 చివరి వరకు ఏమేమి రాయాలన్నది చాలావరకు ఆయా పాదిరీల ఓపికను బట్టే సాగింది. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ రాస్తే పని అయిపోయినట్లే. 1813 జనవరి 1 నుంచి మాత్రమే అచ్చు ఫారాలున్న రిజిస్టర్లు వచ్చి, బాప్తిస్మంలో తండ్రి వృత్తికీ నివాసానికీ, ఖననంలో వయసుకూ నివాసానికీ గడులు ఏర్పడ్డాయి. మీ మనిషి ఆ తేదీకి ఇరవై ఏళ్లకు పైగా ముందే పుట్టాడు. కనుక పాలర్స్‌పరీ బిడ్డ తండ్రి వీల్‌రైటో, నేతగాడో, కూలివాడో ఆ నమోదు ఒక్కటీ చెప్పలేదు.

మూడు పనులు చేయమని కోరుతున్నాను. మొదటిది, ఆ బిడ్డ బతికాడా లేదా అని 1791 నుంచి కనీసం పదేళ్ల ఖననాలు చూడండి. వంశవృక్షంలోకి ఎవరినైనా తీసుకునే ముందు ఆ వ్యక్తి పసితనంలో చనిపోలేదని తేల్చుకోవడం ఎంత అవసరమో, అంత తరచుగా జనం మరచిపోయే పని అది. రెండవది, తల్లిదండ్రుల వివాహం వెతకండి. మూడవది, అదే దంపతులకు 1813 తర్వాత పుట్టిన బిడ్డలు ఎవరైనా ఉన్నారేమో చూడండి. అన్న నమోదులో లేని తండ్రి వృత్తి తమ్ముడి నమోదులో ఉండవచ్చు. ఇవన్నీ సూచికలో కాకుండా రిజిస్టరు పుట చిత్రంలోనే చూడాలి. సూచిక తయారుచేసినవారు పేర్లను ఎత్తి రాస్తారు, పాదిరీ పక్కన రాసిన రెండు మాటల వ్యాఖ్యను చాలాసార్లు వదిలేస్తారు.

మిల్టన్_కీన్స్_తెలుగు:
నేను ఇంగ్లండులో ఈ ఊళ్ల ప్రాంతంలోనే పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఒక్క సంగతి తప్పక చెప్పాలి. ‘పరీ’ అనే ఊళ్లు ఇక్కడ రెండున్నాయి. ఒకటి మీరు చూసిన పాలర్స్‌పరీ, రెండవది దానికి ఆగ్నేయంగా కొద్ది మైళ్ల దూరంలో ఉన్న పాటర్స్‌పరీ. రోమన్ల కాలపు వాట్లింగ్ స్ట్రీట్ రహదారి ఈ రెండిటి పక్కనుంచీ పోతుంది. పరీ అంటే పాత ఇంగ్లీషులో బేరి చెట్టు అట. ఒక ఊరికి పావెలీ అనే భూస్వాముల కుటుంబం పేరు, రెండవ ఊరికి అక్కడి కుమ్మరుల పేరు ముందు చేరాయి. వేరువేరు పారిష్‌లు, వేరువేరు రిజిస్టర్లు. పాలర్స్‌పరీలో పరీ ఎండ్ అనే పల్లె కూడా ఒకటుంది. పాటర్స్‌పరీ పారిష్ కింద యార్డ్‌లీ గోబియన్ అనే మరో ఊరు ఉండేది.

సైన్యంలో చేర్చుకునే గుమాస్తా తనకు వినిపించినదే రాసేవాడు. ఈ పక్కనే టౌసెస్టర్ అని రాసే పట్టణాన్ని ఊరివాళ్లందరూ టోస్టర్ అంటారు. పారిష్ పేరు పూర్తిగా చెప్పే ఓపిక కుర్రవాడికి, అడిగే ఓపిక గుమాస్తాకు లేకపోతే ‘పరీ’ అనే మిగులుతుంది. మీరు పాటర్స్‌పరీ రిజిస్టరు చూశారా?

బందరు_వాసి:
చూడలేదండీ. రెండవ ఊరు ఉందన్న సంగతే తెలియదు. సూచికలో ఆ ఊరి పేరుతో 1788 నుంచి 1793 వరకు ఇప్పుడే వెతికాను, అక్కడ మా మనిషి పేరు గల బిడ్డ ఎవరూ లేరు. అంటే పాలర్స్‌పరీయే సరైనదని అనుకోవచ్చా?

వడ్రంగి_మనవడు:
రికార్డుల గురించి పెద్దలు చెబుతున్నారు, నేను వృత్తి గురించి రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను. మా తాత తూర్పు గోదావరి జిల్లాలో ఎడ్లబండ్లు కట్టేవారు, కాబట్టి ‘వీల్‌రైట్’ అనే మాట చదవగానే ఆగిపోయాను. దానిని మామూలు వడ్రంగి అని అనువదించుకోవద్దని నా మనవి. ఇంగ్లండులో కార్పెంటర్ ఇళ్లకు, చర్చి పైకప్పులకు పనిచేసేవాడు; వీల్‌రైట్ చక్రం, దానితోపాటు బండి చేసేవాడు. మన దగ్గర నల్లతుమ్మ మీద ఆధారపడినట్లు వాళ్లు మూడు కర్రల మీద ఆధారపడ్డారు: మధ్య కుండకు ఎల్మ్, ఆకులకు ఓక్, పూటీలకు ఆష్. కుండలో ఆకులు దిగగొట్టినప్పుడు చీలిపోకుండా మెలితిరిగిన నార ఉన్న ఎల్మ్ పట్టుకుంటుంది, బరువు మోయడానికి ఓక్ నిలబడుతుంది, రాళ్ల బాటలో అదురు తట్టుకోవడానికి ఆష్ వంగుతుంది. పైన ఇనుప పట్టాను కమ్మరి ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగించేవాడు. ఆ పని మన ఊళ్లలో చూసినవాళ్లకు వర్ణించనవసరం లేదు.

ఈ వివరాలు మీ అన్వేషణకు ఎందుకంటే, ఇది ఏడేళ్ల చదువు. 1563 నాటి చట్టం ప్రకారం ఇటువంటి వృత్తులకు కనీసం ఏడేళ్ల అప్రెంటిస్ శిక్షణ ఉండాలి. ఆ నిబంధన 1814 వరకు రద్దు కాలేదు. పద్నాలుగేళ్లకు చేరిన కుర్రవాడు ఇరవై ఒకటికి బయటికి వస్తాడు. మీ మూలపురుషుడు 21వ ఏట సైన్యంలో చేరి తన వృత్తి వీల్‌రైట్ అని చెప్పుకున్నారంటే పని పూర్తిగా నేర్చిన మనిషై ఉంటారు. ఫిరంగుల బండ్లు, సామాను బండ్లు ఉన్న సైన్యానికి అటువంటి చేయి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. 1710 నుంచి అప్రెంటిస్ ఒప్పందాల మీద స్టాంపు సుంకం ఉండేది, ఆ లెక్కల పుస్తకాలు లండన్ శివారులోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వెతకండి. అక్కడ దొరకకపోతే నిరాశ పడవద్దు, అదీ ఒక సూచనే. తండ్రి దగ్గరే పని నేర్చిన కొడుక్కి ఒప్పందమూ ఉండదు, సుంకమూ ఉండదు. అప్పుడు తండ్రి కూడా వీల్‌రైటే అయ్యుండే అవకాశం పెరుగుతుంది.

బందరు_వాసి:
సుంకం పుస్తకాల సూచికలో ఆయన పేరు లేదు.

పాలర్స్‌పరీ ఖననాల పుటలు ఒక్కొక్కటే చదివాను. 1792 ఫిబ్రవరిలో ఆ బిడ్డ ఖననం ఉంది. తండ్రి పేరు, తల్లి పేరు అవే, పక్కన ‘శిశువు’ అని ఉంది. నెలల బిడ్డ. ఆరు నెలలుగా నేను మా పూర్వీకుడిగా తలచుకున్న మనిషి మచిలీపట్నం కాదు కదా, రెండవ పుట్టినరోజు కూడా చూడలేదు. ఆ దంపతుల పేర్లు వంశవృక్షం నుంచి తీసివేశాను. వాళ్లు మా వాళ్లు కాకపోయినా ఆ పుట మూసేటప్పుడు బాధ కలిగింది.

కాకినాడ_చరిత్ర:
ఒక సందేహం. చనిపోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టే అలవాటు ఇంగ్లండులో విస్తారంగా ఉండేది కదా? 1793లోనో 1794లోనో మరో కొడుకు పుట్టి, అదే పేరు పెట్టుకుని, సైన్యంలో చేరేటప్పుడు వయసు రెండేళ్లు ఎక్కువ చెప్పి ఉండవచ్చు.

పాత_రికార్డుల_పాఠకురాలు:
కాకినాడ_చరిత్ర గారు అడిగినది న్యాయమైన ప్రశ్న, దానిని తోసిపుచ్చకుండా 1800 వరకు అక్కడి బాప్తిస్మాలు చూడాలి. అయితే అంతకంటే ముందు మరొక సంగతి తలచుకోవాలి, ఎందుకంటే మన అన్వేషణ సరిగ్గా ఆ సంవత్సరాలలోనే చిక్కుకుంది.

1783లో పార్లమెంటు పారిష్ రిజిస్టరులోని ప్రతి నమోదు మీద మూడు పెన్నీల సుంకం వేసింది. నిరుపేదలకు మినహాయింపు ఉండేది, అందుకే ఆ కాలపు రిజిస్టర్లలో కొన్ని పేర్ల పక్కన ‘పి’ (పాపర్, అంటే నిరుపేద) అనే అక్షరం కనిపిస్తుంది. నిరుపేద అని రాయించుకోవడం ఇష్టంలేని, మూడు పెన్నీలు ఇవ్వడమూ ఇష్టంలేని చేతివృత్తుల కుటుంబాలలో కొన్ని బాప్తిస్మాన్నే వాయిదా వేశాయి. 1794లో సుంకం రద్దయ్యాక ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకేరోజు బాప్తిస్మం చేయించిన ఉదాహరణలు అనేక పారిష్‌లలో ఉన్నాయి. బందరు_వాసి గారు పాటర్స్‌పరీలో వెతికింది 1793 వరకే. 1794, 1795, 1796 చూడకుండా ఆ ఊరిని పక్కన పెట్టకూడదు. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా భావించడం మనమందరం చేసే పొరపాటే.

ఇంకొకటి. పాటర్స్‌పరీలో 1690 నుంచి ప్రభుత్వ చర్చికి వెలుపలి ఇండిపెండెంట్ సభవారి ప్రార్థనామందిరం ఉండేది. కుటుంబం అందులో చేరి ఉంటే బిడ్డ పేరు పారిష్ రిజిస్టరులో కాక ఆ సభ పుస్తకంలో ఉంటుంది. పౌర నమోదు 1837లో మొదలైన తర్వాత ఇటువంటి సభల పుస్తకాలను ప్రభుత్వం సేకరించింది. అవి ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మిల్టన్_కీన్స్_తెలుగు:
శనివారం సెలవు కావడంతో పాటర్స్‌పరీకి వెళ్లి చర్చి ఆవరణలో కొంతసేపు తిరిగాను. పద్దెనిమిదో శతాబ్దపు సమాధి రాళ్లలో అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి, మీ ఇంటిపేరు ఎక్కడా చదవలేకపోయాను. రాతి సమాధి పెట్టుకునే స్తోమత గ్రామ వృత్తిదారులలో అందరికీ ఉండేది కాదు కాబట్టి దాని నుంచి ఏ నిర్ధారణకూ రాలేము.

అసలు ఫలితం మరో రోజు నార్తాంప్టన్‌లోని జిల్లా రికార్డుల కార్యాలయంలో దొరికింది. ఈ ప్రాంతపు పాత పారిష్ రిజిస్టర్లు అక్కడే భద్రపరిచారు. నేను చూసినవి చూసినట్లే రాస్తున్నాను.

పాటర్స్‌పరీ బాప్తిస్మాలలో 1794 నవంబరులో ఒకే ఆదివారం, ఒకే దంపతుల బిడ్డలు ముగ్గురు: మొదట మీ మూలపురుషుడి పేరుతో ఒక కొడుకు, తర్వాత ఇద్దరు కూతుళ్లు. వయసులు రాయలేదు. ‘పి’ అక్షరం లేదు.

అదే దంపతుల వివాహం అదే చర్చిలో 1790 జూన్‌లో జరిగింది. పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు చదివినట్లు ఉంది. వరుడు సంతకం చేశాడు, వధువు శిలువ గుర్తు పెట్టింది.

1813 మార్చిలో, అచ్చు ఫారాల కొత్త పుస్తకం మొదటి పుటలలోనే, వాళ్ల చివరి బిడ్డ బాప్తిస్మం. నివాసం యార్డ్‌లీ గోబియన్. తండ్రి వృత్తి గడిలో: వీల్‌రైట్.

ఆ గడి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకు ఏమీ కాని కుటుంబం ఇది, అయినా చాలాసేపు ఆ పుట తిప్పలేకపోయాను.

వడ్రంగి_మనవడు:
తండ్రి దగ్గరే పని నేర్చాడన్నమాట! ఆ ఊళ్ల పక్కనే విటిల్‌వుడ్ అనే ఒకప్పటి రాచ అడవి ఉందని పటంలో చూశాను. ఒకవైపు కర్ర, మరోవైపు రాత్రింబగళ్లు బండ్లు నడిచే లండన్ రహదారి. వీల్‌రైట్ కుటుంబం అక్కడ నిలదొక్కుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంతకీ పని చేతిలో ఉన్న కొడుకు సైన్యంలో ఎందుకు చేరి ఉంటాడు?

పాత_రికార్డుల_పాఠకురాలు:
కారణం ఊహించవద్దు, రికార్డు చెప్పినంత వరకే మాట్లాడుకుందాం. మిల్టన్_కీన్స్_తెలుగు గారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆయన రాసిన పద్ధతి అందరూ గమనించాలని కోరుతున్నాను: చూసినది ఒకచోట, దాని నుంచి అనుకున్నది మరోచోట.

ఇప్పుడు బలాబలాలు చూద్దాం. తల్లిదండ్రుల వివాహం 1790 జూన్. ముగ్గురిలో మొదట రాసిన కొడుకు 1791లో పుట్టి ఉండడం సహజం. 1812లో వయసు 21 అన్న సైనికుల రిజిస్టరుతో అది కుదురుతుంది. తండ్రి వృత్తి స్వతంత్రంగా మరో పుస్తకంలో రుజువైంది. పోటీదారుడైన పాలర్స్‌పరీ బిడ్డ శైశవంలోనే మరణించాడు. కాకినాడ_చరిత్ర గారి సందేహం తీరడానికి పాలర్స్‌పరీ బాప్తిస్మాలు 1800 వరకు చూడడం మిగిలింది. పాటర్స్‌పరీ ఖననాలు 1794 నుంచి 1812 వరకు చూడడం కూడా అంతే అవసరం. పాలర్స్‌పరీ బిడ్డకు పెట్టిన పరీక్ష ఈ బిడ్డకూ పెట్టకపోతే అది న్యాయం కాదు.

సంతకం గురించి ఒక మాట. 1754 మార్చి 25న అమలులోకి వచ్చిన హార్డ్‌విక్ వివాహ చట్టం వల్లే వధూవరులూ సాక్షులూ రిజిస్టరులో సంతకం చేయడమో గుర్తు పెట్టడమో తప్పనిసరి అయింది. ఒక గ్రామంలో ఒకే పేరు గల ఇద్దరిని విడదీయడానికి ఆ చేతిరాతను మించిన సాధనం అరుదు. పాలర్స్‌పరీ పేరు వచ్చింది కాబట్టి తెలుగువారు గుర్తుంచుకోదగిన మనిషిని తలచుకుంటాను. ఆ ఊరిలో 1761లో నేతగాడి కొడుకుగా పుట్టి, చెప్పులు కుట్టే పని నేర్చిన విలియం కేరీ 1781లో పిడింగ్టన్ చర్చిలో వివాహం చేసుకున్నప్పుడు ఆయన భార్య డొరొతీ రిజిస్టరులో శిలువ గుర్తే పెట్టింది. ఆ చెప్పుల పనివాడే తర్వాత మతప్రచారకుడై బెంగాల్‌లోని శ్రీరాంపురం నుంచి 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. కేరీ తండ్రి పారిష్ క్లర్కుగా కూడా పనిచేశాడు; మన కరణాల వంటి అధికారం కాకపోయినా, ఊరి చర్చి పుస్తకాల దగ్గర మసలే మనిషి.

అయితే ఒక హెచ్చరిక. మచిలీపట్నం, మద్రాసు చర్చిల నుంచి లండనుకు చేరినవి నకళ్లు. అందులో సంతకంలా కనిపించేది గుమాస్తా చేతిరాత. మీ మూలపురుషుడి సంతకాన్ని వాటి ఆధారంగా తండ్రి సంతకంతో పోల్చవద్దు. ఇంగ్లండు పారిష్‌లు ఏటా బిషప్పుకు పంపిన ప్రతుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఆ సైనికుడి తాతను వెతకడానికి నార్తాంప్టన్‌షైర్‌లో ఒక అదృష్టం ఉంది. మిలీషియా (అవసరానికి పిలిచే స్థానిక సేన) కోసం పారిష్‌ల వారీగా 18 నుంచి 45 ఏళ్ల మగవాళ్ల పేర్లు, వృత్తులతో సహా రాసిన జాబితాలు ఈ జిల్లాకు 1762 నుంచి 1786 మధ్య అనేక సంవత్సరాలకు మిగిలాయి. 1777 జాబితాలు అచ్చయ్యాయి కూడా. బాప్తిస్మపు పుస్తకాలలో వృత్తి కనబడని కాలానికి వృత్తి చెప్పే సాధనం అది.

బందరు_వాసి:
ఇద్దరు పెద్దలకూ, వృత్తిని అర్థం చేయించిన వడ్రంగి_మనవడు గారికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. చెప్పిన పనులన్నీ చేశాను. పాలర్స్‌పరీలో 1800 వరకు అదే దంపతులకు అదే పేరుతో మరో కొడుకు లేడు. పాటర్స్‌పరీ ఖననాలలో 1794 నుంచి 1812 వరకు మా మనిషి పేరు లేదు.

మరొకటి గమనించాను, దీనికి ఎంత విలువ ఇవ్వాలో పెద్దలే చెప్పాలి. యార్డ్‌లీ గోబియన్ వీల్‌రైట్ భార్యది ఆ రోజుల్లో అంత తరచుగా కనిపించని ఒక బైబిలు పేరు. 1824లో మచిలీపట్నంలో బాప్తిస్మం పొందిన కూతురికి సరిగ్గా అదే పేరు పెట్టారు. ఇంట్లో ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ, మా అమ్మమ్మ పేరులో కూడా అది రెండవ మాటగా ఉంది.

1777 మిలీషియా జాబితాలో పాటర్స్‌పరీ కింద మా ఇంటిపేరుతో ఒకే ఒక్కరు ఉన్నారు. వృత్తి వీల్‌రైట్. కానీ ఆయన బాప్తిస్మం పాటర్స్‌పరీలోనూ లేదు, పాలర్స్‌పరీలోనూ లేదు.

పాత_రికార్డుల_పాఠకురాలు:
పేరు ఒక్కటే అయితే దానికి విలువ తక్కువ. ఇన్ని ఆధారాల పక్కన నిలిచినప్పుడు దాని విలువ తక్కువ కాదు. మూలపురుషుడి పేరును, తల్లిదండ్రులను ఇక సిరాతో రాసుకోండి.

తాత బయటినుంచి వచ్చినవాడై ఉండాలి. 1662 చట్టం తర్వాత ఒక పారిష్ నుంచి మరో పారిష్‌కు వెళ్లిన పేదవాడు భారమైతే వెనక్కి పంపేవారు; అందుకే చాలామంది తమ సొంత పారిష్ బాధ్యత వహిస్తుందని రాసిచ్చిన సెటిల్‌మెంట్ పత్రంతో వచ్చేవారు. ఆ పత్రాలు చర్చి కాగితాలు దాచే పారిష్ పెట్టెలో, పేదల సహాయ లెక్కల మధ్య ఉండేవి. అప్రెంటిస్ శిక్షణ పొందిన చోటే ఆ మనిషి సెటిల్‌మెంట్ (సహాయానికి బాధ్యత వహించే సొంత పారిష్) అయ్యేది కాబట్టి, పత్రం దొరికితే ఆయన పని నేర్చిన ఊరు కూడా దొరకవచ్చు. పాటర్స్‌పరీ బకింగ్‌హామ్‌షైర్ సరిహద్దుకు దగ్గర. ఆ వైపు మరచిపోవద్దు.

మిల్టన్_కీన్స్_తెలుగు:
పాటర్స్‌పరీ సెటిల్‌మెంట్ పత్రాల కోసం ముందు మళ్లీ నార్తాంప్టన్ వెళ్తాను. అక్కడ బకింగ్‌హామ్‌షైర్ ఊరి పేరు ఏదైనా తేలితే, ఆ జిల్లా రికార్డులు ఏల్స్‌బరీలో ఉంటాయి, నాకు కారులో గంట లోపు దూరం. బందరు_వాసి గారూ, 1790 వివాహపు పుటలోని సంతకాన్ని స్పష్టమైన చిత్రంగా తీసుకోవడానికి అనుమతి అడిగాను. వచ్చిన వెంటనే పంపిస్తాను.